చెంచా నూనె తోడుంటేనే!

లావైపోతామన్న భయంతో కొన్ని ఇళ్లలో తోటకూరను ఉత్తి నీళ్లలో ఉడికించి, తాలింపు కూడా పెట్టకుండా తినేస్తుంటారు. ఆకుకూర తిన్నామన్న తృప్తే తప్ప అందులోని కెరోటిన్ ఒంటికి పట్టేది తక్కువే. శరీరం ఆ కెరోటిన్‌నే ‘ఎ’ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఎ, డి, ఇ, కె... ఈ నాలుగు విటమిన్లూ కొవ్వులోనే కరుగుతాయి. కూరలో చెంచా నూనె ఉంటేనే పేగులు వీటిని బాగా గ్రహిస్తాయి.

కంటిచూపుకీ, రోగనిరోధక శక్తికీ ‘ఎ’ కావాలి. అది లోపిస్తే మొదట రేచీకటి వస్తుంది. ముదిరితే చూపే పోవచ్చు. తిన్న ఆహారంలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే ‘డి’ ఉండాలి. ఎండ తగిలితే చర్మమే దీన్ని తయారుచేసుకుంటుంది. ‘ఇ’ కణాలను కాపాడుతుంది. ‘కె’ లేకపోతే రక్తం సరిగా గడ్డకట్టదు. పుట్టిన వెంటనే బిడ్డకు ‘కె’ ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే.

ఈ విటమిన్లలో కొన్ని ఒంట్లో నిల్వ ఉంటాయన్న సంగతి ఎందరో చిన్నారుల కళ్లు కాపాడింది. లాలాగూడ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ ఇది. కాలేయం ‘ఎ’ విటమిన్‌ను నెలల తరబడి దాచుకోగలదు కాబట్టి పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే చాలని ఇక్కడి అధ్యయనాలు చూపాయి. వాటి ఆధారంగానే 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లలోపు తొమ్మిది మోతాదులు వేస్తున్నారు.

నిల్వ ఉండే గుణమే ఒక్కోసారి ముప్పు కూడా. ‘సి’ విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ‘ఎ’, ‘డి’ అలా పోవు, పేరుకుంటాయి. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల ‘డి’ మాత్రను రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలై మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గర్భిణులు సొంతంగా ‘ఎ’ మాత్రలు వేసుకుంటే కడుపులో బిడ్డకే ప్రమాదం. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు. రోజూ తినే మోతాదును మాత్రం ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయకూడదు.

మునగాకు, పాలకూర, క్యారెట్‌లకు కాస్త తాలింపు, గుడ్డు, పాలు, ఒంటికి కొంచెం ఎండ... చాలామందికి ఇవే మేలు. మాత్రలంటారా, అవి డాక్టరు రాసినన్నే, రాసిన రోజునే!