జాలీ ఏమయిందండీ?

జూలో తీసిన గద్ద ఫొటోలో గద్ద ఒక్కటీ ఉంటే చాలదు, జాలీ కూడా ఉండాలి అంటాను నేను. వినడానికి వింతగా ఉందేమో, కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య ఎక్కడ చూసినా గద్దలూ, డేగలూ, గుడ్లగూబలే. గోడమీద క్యాలెండర్లో గద్ద, ఫోను తెరిస్తే గద్ద, ఫొటోల ఎగ్జిబిషనుకి వెడితే గుమ్మంలోనే నిలువెత్తు గద్ద. పసుపుపచ్చని కన్ను, కొడవలిలాంటి ముక్కు, వెనకాల మెత్తగా పరుచుకున్న పచ్చదనం. కింద “స్వేచ్ఛ” అని పేరు. స్వేచ్ఛట! తీరా ఆరా తీస్తే ఆ మహాతల్లి కూర్చున్నది జూలో ఇరవై అడుగుల బోనులో. వెనకాల పచ్చదనం, గోడకి పట్టిన నాచు.

మరి జాలీ ఏమయింది? అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఫిరంగి గొట్టంలా ఉంటుందే టెలిఫొటో లెన్సు, 300 మిల్లీమీటర్లదో 400దో, దాని మూతి తీసుకెళ్ళి జాలీకి దాదాపు ఆనిస్తారు. లెన్సు కన్నాన్ని పూర్తిగా తెరుస్తారు. పక్షి జాలీకి దూరంగా లోపలి కొమ్మమీద ఉన్నప్పుడు దాని కంటికి ఫోకస్ చేస్తారు. లెన్సుకి అంత దగ్గరున్న తీగె మసకబారి మసకబారి, ఫొటోలో అసలు లేనట్టే అయిపోతుంది. తీగెమీద ఎండ పడితే మాత్రం తెల్లటి పొగలా మిగిలిపోతుంది. అందుకని నీడ వచ్చేదాకా గంటలకొద్దీ కాచుకుంటారు. (అందులో పదోవంతు ఓపిక రేషనుషాపు దగ్గర చూపిస్తే మన ప్రాణానికి హాయిగా ఉండును.)

బోనులో పక్షిని ఫొటో తీయొద్దని నేననటం లేదు. ఆ మాటకొస్తే, అడవిలో గూటి దగ్గర తిష్ఠవేసి, అడ్డొచ్చిన కొమ్మలు నరికి, తల్లిపక్షిని బెదరగొట్టి తీసేవాళ్ళకన్నా జూలో తీసేవాళ్ళు వెయ్యిరెట్లు నయం. తల్లి బెదిరి తిరిగి రాకపోతే గూట్లో పిల్లలు ఎండకి మాడి చస్తాయి. జూ పక్షికి ఆ బాధ లేదు. నా పేచీ అంతా తీయడం దగ్గర కాదు, దాచడం దగ్గర.

ఈ దాచే విద్య మనకి తెలియనిదా ఏమిటి? పెళ్ళిసంబంధాల ఫొటోలు ఎన్ని చూడలేదు! అబ్బాయి చెయ్యి వేసి నిలబడ్డ కారు ఎదురింటివారిది. తలమీద జుట్టు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఫొటో నుదుటిదాకానే. కారూ నిజమే, అబ్బాయీ నిజమే, అబద్ధం ఒక్కముక్క లేదు. అయినా పిల్లనిచ్చినవాళ్ళు మోసపోయామనే అంటారుగా?

లండనులో నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు ఏటా జరిపే వన్యప్రాణుల ఫొటోల పోటీలో, 2009లో ఒక స్పెయిన్ ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. రాత్రిపూట కంచె తలుపుమీంచి దూకుతున్న తోడేలు. తరవాత ఎవరికో అనుమానమొచ్చి విచారిస్తే, అది అడవి తోడేలు కాదు, తర్ఫీదు ఇచ్చిన పెంపుడుదై ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి రద్దుచేశారు. ఆయన మాత్రం కాదనే అన్నాడు. ఫొటో అందానికి వచ్చిన లోటేమీ లేదు, ముందురోజు ఎంత బాగుందో ఆరోజూ అంతే బాగుంది. అయినా బహుమతి నిలవలేదు.

“ఏదో పక్షి బొమ్మకి ఇంత రాద్ధాంతమా?” అంటారా? రాబందు సంగతి చూడండి. ఇంటిమీద వాలితే శాంతి చేయించాలని హడలిపోయేవారు వెనకటివాళ్ళు. ఇప్పుడు వాలమని బతిమాలినా వాలడానికి పక్షి లేదు. పశువులకి నొప్పులు తగ్గడానికి డైక్లోఫెనాక్ మందిచ్చేవారు. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకి మూత్రపిండాలు పాడై, కొద్ది ఏళ్ళలోనే తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. పశువులకి ఆ మందు వాడకూడదని మన దేశంలో 2006లో నిషేధించారు. మిగిలిన కాసిని పక్షుల్ని బోనుల్లో పెట్టి పిల్లల్ని చేయించే కేంద్రాలు వెలిశాయి. హైదరాబాదు జూలోనూ ఒకటి పెట్టారు. అలాంటి రాబందుని జాలీ మాయంచేసి, నీలాకాశం కింద కూర్చున్నట్టు చూపిస్తే, చూసిన పిల్లాడేమనుకుంటాడు? “బోలెడున్నాయిగా!” అనుకుంటాడు. ఆ ఫొటోలో అసలు చెప్పాల్సిన కబురు జాలీయే. దాన్నే చెరిపేశారు.

కళ్ళుంటే జాలీ లేని ఫొటోలోనూ ఆనవాళ్ళు కనబడతాయి లెండి. తీగెకి కొట్టుకుని కొట్టుకుని తోక ఈకల చివర్లు చీపురుపుల్లల్లా విరిగి ఉంటాయి. కదలిక లేక, గట్టి దిమ్మలమీదే నిలబడి నిలబడి అరికాళ్ళు వాచి పుండ్లు పడతాయి. అందుకే కాబోలు, ఇన్ని ఫొటోల్లో మొహం తప్ప కాళ్ళు కనబడవు!

అసలు బోనులోకి ఎందుకొచ్చిందన్నది కూడా ఒక కథే కదా. మన సంక్రాంతి గాలిపటాల మాంజా తగిలి రెక్క తెగిపడ్డ గద్దలెన్నో. నైలాను మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా పండగొస్తే చాటుమాటుగా దొరుకుతూనే ఉంటుంది. ఢిల్లీలో అలాంటి గద్దలకి కట్లుకట్టి బతికించే అన్నదమ్ములమీద శౌనక్ సేన్ 2022లో “ఆల్ దట్ బ్రీత్స్” అని డాక్యుమెంటరీ తీశాడు. అందులో కట్లూ దాచలేదు, బోనులూ దాచలేదు. ప్రపంచమంతా మెచ్చుకుంది. జాలీ కనబడితే అందం చెడిపోతుందనే కళాకారులు ఒక్కసారి ఆ సినిమా చూసి మాట్లాడాలి.

జాలీ కనబడనివ్వడం మరీ ప్రాణసంకటంగా ఉంటే, ఫొటో కిందనైనా రాయండి బాబూ! ఏ ఊరి జూ, ఏం పక్షి, బోనులోకి ఎందుకొచ్చింది. చోటు లేదంటారా? ఆ “స్వేచ్ఛ” అన్నది కొట్టేస్తే బోలెడు చోటు.