సర్టిఫికెట్లు చాలు.. ఒకసారి మైకు పట్టండి!

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం.. ఏ ఊరి కాలేజీలోనైనా ఫైనలియర్ విద్యార్థుల రెజ్యూమెలు చూడండి. అరడజను ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఒక మినీ ప్రాజెక్టు, అడుగున ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అన్న లైను. ‘ఏం చేశావమ్మా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు.

దీనికో నేపథ్యం ఉంది. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం చాలామంది కొత్తవాళ్లు రీడ్‌మీ ఫైల్లో ఒక పదం మార్చి పంపేశారు. ఆ తాకిడికి నిర్వాహకులు నిబంధనలే మార్చాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకూ ఇదే బెడద. ఒక వీడియో పాఠం చూసి మన దేశ విద్యార్థులు ఎందరో తమ పేర్లు చేర్చి పంపారు. తప్పు పిల్లలదొక్కటే అనలేం. ఓపెన్ సోర్స్ అంటే ‘ఫ్రీగా దొరికేది’ అనే చెబుతున్నాం తప్ప, దాని వెనకున్న మనుషుల గురించి, వ్యాపారం గురించి ఎవరు చెబుతున్నారు?

పూడిక ఎవరు తీస్తారు?

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పటి బ్యారేజీ కింద దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. నీరు అందరిదీ. కానీ వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయకపోతే, పంట బోదెలు బాగుచేయకపోతే శివారు భూములకు చుక్క రాదు. ఓపెన్ సోర్స్ కోడ్ కూడా అంతే. వాడుకునేవాళ్లు కోట్లమంది, పూడిక తీసేవాళ్లు గుప్పెడు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాం విషయంలో ప్రపంచం ఉలిక్కిపడింది అందుకే. దాన్ని ఏళ్లుగా ఒకే వ్యక్తి ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చారు. సాయం చేస్తానంటూ నమ్మకంగా చేరిన మరొకరు అందులో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది.

డబ్బెక్కడి నుంచి వస్తుంది?

మరి ఊరికే ఇచ్చేదానితో కంపెనీలెలా బతుకుతాయి? రెడ్‌హ్యాట్‌నే తీసుకోండి. అది అమ్మేది కోడ్ కాదు.. భరోసా, మరమ్మతు, సపోర్టు. ఆ కంపెనీని ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొంది. 2019లో ఆ ఒప్పందం పూర్తయింది.

అన్నిసార్లూ ఇంత సాఫీగా సాగదు. రెడిస్ కంపెనీ 2024 మార్చిలో లైసెన్సు బిగించింది. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ కష్టంతో సొమ్ము చేసుకుంటున్నాయన్నది దాని బాధ. అందులో న్యాయం లేకపోలేదు. కానీ కొద్ది రోజుల్లోనే పాత కోడ్‌తో వాల్కీ అనే కొత్త ప్రాజెక్టు లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద మొదలైంది. 2025లో రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సును చేర్చింది. లైసెన్సు మార్చే హక్కు కంపెనీకి ఉండొచ్చు, నమ్మకం మాత్రం కమ్యూనిటీది. ఈ రెండింటి మధ్య నిలబడి మాట్లాడగలిగేవాళ్లు కంపెనీలకు కావాలి. సపోర్టు ఇంజినీర్లు, టెక్నికల్ రైటర్లు, కమ్యూనిటీ మేనేజర్లు చేసేది ఆ పనే.

అందుకే అంటున్నాను.. ఒక సదస్సులో మాట్లాడండి. పైకాన్ ఇండియా 2018లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఫాస్ యునైటెడ్ వాళ్లు బెంగళూరులో ఇండియాఫాస్ నిర్వహిస్తున్నారు. ఇలాంటిచోట ముందుగా ప్రతిపాదనలు పిలుస్తారు. ఏం చెబుతారు, విన్నవాళ్లకు ఏం దక్కుతుంది అన్నది చూస్తారు. మీ కాలేజీ పేరు, పర్సంటేజీ కాదు.

‘మా దగ్గర చెప్పడానికేముంది?’ అనుకోకండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇన్నేళ్లుగా జీతం లేని ఔత్సాహికులే దాన్ని నడుపుతున్నారు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఎవరైనా వాడుకునేలా ఉన్నాయి. ఒక యాప్‌ను తెలుగులోకి తెస్తే ఎదురైన చిక్కులేమిటి? రొయ్యల చెరువు లెక్కలను ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో పెట్టబోతే రైతు ఎక్కడ ఆగిపోయాడు? ఇవి బెంగళూరు కుర్రాడు చెప్పలేని కబుర్లు.

ఇంగ్లిష్ భయమా? చిన్న చిన్న మాటల్లో చెప్పండి, చాలు. ముందు మీ కాలేజీలో, మీ జూనియర్ల ముందు తెలుగులోనే ఇరవై నిమిషాలు మాట్లాడి చూడండి. వాళ్ల ప్రశ్నలకు తడబడిన చోటల్లా మీరింకా చదవాల్సింది ఉన్నట్టే. బెంగళూరు దాకా వెళ్లే ఖర్చు నిజంగానే భారం. కొన్ని సదస్సులు ప్రయాణానికి సాయం చేస్తాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఒక్క హెచ్చరిక. మాట్లాడినంత మాత్రాన ఉద్యోగం రాదు. రెజ్యూమెలో ఇంకో లైను కోసమే మైకు పడితే అది రీడ్‌మీలో పేరు రాసుకోవడం లాంటిదే. ముందు పని, తర్వాతే మాట. మీరు రోజూ వాడే ప్రాజెక్టు ఒకటి ఎంచుకోండి. కొత్తవాళ్ల కోసం రాసిన సూచనలు పూర్తిగా చదవండి. జవాబు దొరకని ఒక ప్రశ్నకు జవాబు రాయండి, లేదా పాడైన ఒక పేజీని సరిచేయండి. మూడు నెలలు అలా చేస్తే, ఏం మాట్లాడాలన్న బెంగ ఉండదు. ఇరవై నిమిషాలు చాలవేమో అనిపిస్తుంది.