పసిబిడ్డలకు ప్రార్థన నేర్పుట



మన ఆదివారపు బడులలో అయిదేండ్ల బిడ్డ పరలోకప్రార్థనను ఒక్క గుక్కలో అప్పగించుట మనమందఱము వినుచునే యున్నాము. వినుటకు ముచ్చటగనే యుండును. కాని ఆ బిడ్డను దగ్గఱకు దీసికొని, "అమ్మా, ఇప్పుడు దేవుని నేమి యడిగితివి?" అని ప్రశ్నించినచో తల్లి మొగము వంక చూచును. కంఠపాఠము తప్పు కాదు. పెద్దతనమున మాటలు తోచని వేళ చిన్ననాడు నోటికి వచ్చిన మాటలే మనలను ఆదుకొనును. అయినను అప్పగింత వేఱు, ప్రార్థన వేఱు. తన మనసులోనిదానిని తన మాటలతోనే దేవునికి చెప్పుకొనవచ్చునని బిడ్డకు తెలియుట ప్రార్థనకు మొదటి మెట్టు. ఈ నెల మేము చెప్పదలచినదంతయు ఆ మెట్టును గుఱించియే.

ఆదివారపు బడి పుట్టినదే చదువు చెప్పుటకు. 1780వ సంవత్సరమున ఇంగ్లండులోని గ్లాస్టరు నగరమున రాబర్టు రెయిక్సు అను పత్రికాధిపతి, వారమెల్ల పనిపాటులలో నుండు పేదపిల్లలకు ఆదివారమున చదువు చెప్పింప నారంభించెను. పుస్తకము, ప్రశ్న, జవాబు అను బడిపద్ధతులు నాటినుండియు దానితో కూడ వచ్చుచున్నవి. పాఠమునకు అవి చాలును గాని ప్రార్థనకు చాలవు. లూకా సువార్త 11వ అధ్యాయమును విప్పి చూడుడు. యేసు ఒకచోట ప్రార్థన చేసి ముగించిన పిమ్మటనే, తమకును నేర్పుమని శిష్యులలో నొకడు వేడెను. ముందు చూచిరి, చూచిన తరువాత కావలెనని కోరిరి. బిడ్డల విషయమును ఇంతియే. పొయ్యి వెలిగించుటకు ముందు కన్నులు మూసుకొని రెండు మాటలు చెప్పుకొను తల్లిని, సెల్‌ఫోను ప్రక్కన బెట్టి తనతో కూడ మోకరించు తండ్రిని చూచిన బిడ్డకు, బడిలో ఉపాధ్యాయిని చేయవలసిన పని సగము ముగిసినట్లే.

ఇక ఆదివారపు బడిలోగాని, వేసవి సెలవులలో పిల్లలను చేర్చుకొను కూటములలోగాని చేయదగిన కొన్ని ఉపాయములను చెప్పెదము. వీనికి డబ్బు ఖర్చు లేదు.

మొదటిది చేతివ్రేళ్ల ప్రార్థన. చేతులు జోడించినప్పుడు బొటనవ్రేలు గుండెకు దగ్గఱగా నుండును. అది ఇంటివారిని జ్ఞాపకము చేయును. చూపుడువ్రేలు దారి చూపువారిని, అనగా ఉపాధ్యాయులను, వైద్యులను తెలుపును. అన్నిటికంటె పొడవైన నడిమివ్రేలు దేశము నేలువారికి గుర్తు. ఉంగరపు వ్రేలు బలము లేనిది. నడిమివ్రేలిని మడిచి, అరచేతిని బల్లమీద నుంచి దానినొక్కదానినే ఎత్తుమనుడు. ఎత్తలేక పిల్లలు నవ్వుదురు. తాముగా లేవలేని రోగులను, బీదలను అప్పుడు తలచుకొనుమనుడు. చిటికెనవ్రేలు తన కొఱకు. తన్ను గుఱించి చివరనే యైనను అడుగుకొనవచ్చునని, అడుగుకొనుట స్వార్థము కాదని బిడ్డకు దీనివలన తెలియును.

రెండవది ముగ్గు. ప్రార్థనకు మన దేశపు రూపము నిచ్చుట క్రొత్తది కాదు. 1912లో ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషపుగా నభిషిక్తులైన అజరయ్యగారు దోర్నకలులో కట్టించి, 1939లో ప్రతిష్ఠింపజేసిన ఎపిఫనీ దేవాలయములో హిందూ ఆలయముల స్తంభముల పోలికయు, మసీదుల గుమ్మటముల పోలికయు కలసియున్నవి. అంతటి దేవాలయమునకు చెల్లినది మన పిల్లల పలకకు చెల్లదా? నేలపై సుద్దతో ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క చుక్క పెట్టుమనుడు. చుక్క యొక మనిషి పేరు. పేరు పైకి చెప్పువారు చెప్పుదురు. సిగ్గరియైన బిడ్డ చుక్క మాత్రమే పెట్టి ఊరకుండును. తరువాత అందఱును కలసి చుక్కలను గీతలతో కలుపుదురు. నోరు విప్పని బిడ్డకును ఆ ముగ్గులో చోటు కలదు. మా యెఱుకలో మాటరాని పిల్లలకు దీనికంటె మంచి ఉపాయము లేదు.

మూడవది పాట, దాని వెంబడి మౌనము. ఆంధ్రక్రైస్తవ కీర్తనలలో పాటలకు రాగతాళములు సూచింపబడియుండుట మీరెఱుగుదురు. పురుషోత్తము చౌదరిగారు (1803-1890) మొదలగువారు మనకిచ్చిపోయిన ఈ సొత్తునుండి ఒక చరణమును తీసికొని, పిల్లలచేత చేతులతో తాళము వేయింపుడు. పాట ముగిసిన పిమ్మట పది ఊపిరుల కాలము నిశ్శబ్దముగా కూర్చుండనిండు. చిన్నవారికి అంతకుమించి వలదు. సమూయేలు బాలుడు తన్ను పిలిచినది ఎవరో తెలియక ముమ్మాఱు ఏలీ యొద్దకు పరుగెత్తెను. ఎట్లు బదులు చెప్పవలెనో ఆ ముసలివాడు నేర్పి, మరల పడుకొనబంపెను. బిడ్డ వినవలసినదానిని తానే వినిపింప జూడలేదు. తల్లులకును ఉపాధ్యాయినులకును తగిన పని ఇదియే.

నాలుగవది పిడికెడు బియ్యము. మిజోరామునందలి క్రైస్తవ స్త్రీలు 1910 నుండి వంట చేయునపుడెల్ల ఒక పిడికెడు బియ్యము సంఘసేవకై ప్రక్కకు తీసియుంచు వాడుక పెట్టుకొనిరి. మన యింటను ఆ పిడికెడు బిడ్డచేతనే తీయింపుడు. ఆకలిగొన్నవారి కొఱకు ఒక్క వాక్యము ప్రార్థించి డబ్బాలో పోయుమనుడు. నెల చివర ఆ బియ్యము ఒక బీదయింటికి చేరుటను బిడ్డ కన్నులార చూడవలెను. నోటితో అడిగినదానికై చేయియు పనిచేయవలెనని వేఱుగ బోధింప నక్కఱలేదు.

కొన్ని చేయరాని పనులును కలవు. చక్కగా ప్రార్థించెనని ఒక బిడ్డను పదిమందిలో మెచ్చుకొనకుడు. మఱునాటినుండి వాడు దేవునితో గాక మీతో మాటలాడును. అల్లరికి శిక్షగా ప్రార్థన చేయింపకుడు. బిడ్డ నోట వచ్చిన ఇంటి గుట్టును బయట పెట్టకుడు. కాని ఆ మాటలలో బిడ్డకు ఎవరివలననైనను హాని కలుగుచున్నట్లు తోచినచో ఊరకుండక కాపాడవలెను. అన్యమతస్థుల పిల్లలు స్నేహముకొలది కూటమునకు వచ్చినచో, తలిదండ్రుల సమ్మతి లేక వారిచేత ప్రార్థన చేయింపకుడు.

అన్నిటికంటె కష్టమైనది కడపట చెప్పుచున్నాము. తండ్రి జబ్బు నయము చేయుమని నెలదినములు ప్రార్థించిన బాలిక, ఆ తండ్రి పోయిన తరువాత వచ్చి, "నేను సరిగా అడుగలేదా?" అని మనలను ప్రశ్నింపవచ్చును. అప్పుడు విశ్వాసము చాలలేదని చెప్పకుడు. దేవునికి మీ నాన్న కావలసివచ్చెననియు చెప్పకుడు. మొదటి మాట బిడ్డ నెత్తిన మోయలేని నేరమును మోపును. రెండవది దేవుని దొంగగా చూపును. గెత్సేమనే తోటలో యేసు తన ముందరి పాత్ర తొలగిపోవలెనని వేడుకొనెనని మత్తయి సువార్త 26వ అధ్యాయము చెప్పుచున్నది. అది తొలగలేదు. సరిగా అడుగలేదని ఆయనను ఎవరనగలరు? 13వ కీర్తన దేవుని నిలదీయుటతోనే ఆరంభమగును. కావున బాలికను ఒడిలోనికి దీసికొని, "నీవు సరిగానే అడిగితివి, తల్లీ. ఏడ్పు వచ్చినచో ఏడువుము. కోపము వచ్చినచో ఆ కోపమునే దేవునికి చెప్పుము. మేము నీ ప్రక్కనే కూర్చుందుము" అనుడు. అంతకుమించి తెలియనిదానిని తెలిసినట్లు చెప్పవలదు.

కంఠపాఠము మాత్రమే యెఱిగిన బిడ్డ ఆనాడు మూగవోవును. తన మాటలతో మాటలాడుట అలవడిన బిడ్డకు ఏడ్చుటకైనను ఒక చోటుండును. పైయుపాయము లన్నింటిని ఒక్కమాఱే చేయనక్కఱలేదు. వచ్చు ఆదివారమున ఒక్కదానిని చేపట్టి, నెలదినములు విడువక జరుపుడు. పిల్లలు విసిగినచో మార్చుడు. మీ బడిలో ఏది నిలిచినదో మాకు వ్రాయుదురుగాక. తక్కిన సోదరీమణులకు దాని నందజేయుదుము.