పత్తి విత్తనాల ప్యాకెట్టు చెప్పే ‘లా’ పాఠం

డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి పగిడ్యాలలో బస్సు దిగిన కుర్రాణ్ని ఊళ్లో ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే. ‘‘ఏం చేస్తావబ్బా ఇంక?’’ బ్యాంకు కోచింగ్ అంటే తలూపుతారు. గ్రూప్స్ అంటే ‘మంచిదే’ అంటారు. సాఫ్ట్‌వేర్ అంటే హైదరాబాద్ ఎప్పుడు పోతున్నావని అడుగుతారు. ‘లా చదువుతా’ అని చెప్పి చూడండి. ఒక్క క్షణం ఆగి, ‘‘ఏం, నందికొట్కూరు కోర్టులో కూచుంటావా?’’ అంటారు.

కోర్టులో కూర్చోవడం చిన్న పనేం కాదు. కానీ ఆ ప్రశ్నలో ఒక లోటుంది. మనకు తెలిసిన వకీలు గట్టు తగాదాకో, భాగపరిష్కారాలకో, బెయిలుకో అవసరమయ్యే మనిషి. గొడవ మొదలయ్యాక గుర్తొచ్చే మనిషి. గొడవ రాకముందే పిలవాల్సిన లాయరు ఒకరుంటారని, వ్యాపారాల లోకంలో సగం న్యాయవాద వృత్తి అదేనని మన కాలేజీల్లో చెప్పేవాళ్లు తక్కువ. ఆ పని చేసేవే కమర్షియల్ లా ఫర్మ్‌లు. ఒక కంపెనీకి పుట్టుక నుంచి మూసివేత దాకా కావలసిన న్యాయసేవలన్నీ ఒకే కప్పు కింద దొరికితే దాన్ని ‘ఫుల్ సర్వీస్’ ఫర్మ్ అంటారు. పేరు పెద్దది, ఎక్కడో ముంబై అద్దాల మేడల సంగతి అనిపిస్తుంది. నిజానికి మీ ఇంటి పశువుల కొట్టంలో పడి ఉన్న ఖాళీ పత్తి విత్తనాల ప్యాకెట్టు చాలు, ఆ ఫర్మ్‌లో ఏ గదిలో ఏం జరుగుతుందో చెప్పడానికి.

ఆ ప్యాకెట్టు ఒకప్పుడు 450 గ్రాములు. అందులోని బీటీ జన్యువు సాంకేతికత అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. దాని భారత భాగస్వామ్య సంస్థ మహికో మోన్‌శాంటో బయోటెక్ మన విత్తన కంపెనీలకు లైసెన్సులిచ్చి, ప్యాకెట్టుకు ఇంత అని రాయల్టీ వసూలు చేసుకునేది. 2006కు ముందు ప్యాకెట్టు ధర రూ.1,600 దాటి ఉండేది. అందులో ఎక్కువ భాగం రాయల్టీయే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ విషయాన్ని ఎంఆర్‌టీపీ కమిషన్ ముందుకు తీసుకెళ్లింది. ఒక్క కంపెనీయే మార్కెట్టును గుప్పిట్లో పెట్టుకుని ఇష్టమొచ్చిన ధర వసూలు చేయొచ్చా అన్నది ప్రశ్న. ఆ ఏడాదే ధర రూ.750కి దిగింది. రైతు దుకాణానికి పోయి చెల్లించిన డబ్బులో సగానికి పైగా తేడా తెచ్చింది ఒక న్యాయవాదన. లా ఫర్మ్‌లో ఈ పని చూసేది కాంపిటీషన్ విభాగం. ఇప్పుడు దీనికి 2002 నాటి కాంపిటీషన్ చట్టం, కాంపిటీషన్ కమిషన్ ఉన్నాయి.

కథ అక్కడితో ఆగలేదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటో వర్గానికి మధ్య 2004లో లైసెన్సు ఒప్పందం జరిగింది. ప్రభుత్వాలు ధర తగ్గించాక పాత లెక్క ప్రకారం రాయల్టీ ఇవ్వాలా, తగ్గిన లెక్కనా అని పేచీ వచ్చింది. 2015 నవంబరులో ఒప్పందం రద్దయింది. ఇది కాంట్రాక్టు లాయర్ల గది. రద్దయ్యాక కూడా అదే జన్యువుతో విత్తనాలు అమ్ముతున్నారంటూ 2016లో మోన్‌శాంటో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు పేటెంట్ ఉండదు. మరి విత్తనంలో చొప్పించిన జన్యువుకు ఉంటుందా? ఇది మేధోసంపత్తి విభాగం గది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ పేటెంట్ చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలన్నీ విని తేల్చాలంటూ కేసును వెనక్కి పంపింది. చివరికి 2021లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. వాదించడం ఒక విద్య అయితే, ఎక్కడ ఆపాలో చెప్పి రాజీపత్రం రాయడం ఇంకో విద్య. రెండూ డిస్ప్యూట్స్ విభాగానివే.

చూశారా, ఒక్క ప్యాకెట్టు వెనక ఎన్ని గదులున్నాయో.

ఇంకొన్ని గదులు మిగిలాయి. రేపు పగిడ్యాల - నందికొట్కూరు రోడ్డు మీద ఎవరో ఒక విత్తన శుద్ధి ప్లాంటు పెట్టాలనుకున్నారనుకోండి. ముందు స్థలం చూడాలి. అడంగల్, 1-బి, ఈసీ తీసి, లింకు దస్తావేజులు 30 ఏళ్లు వెనక్కి తిరగేయాలి. మన మండలంలో శ్రీశైలం ముంపు చూసిన ఊళ్లున్నాయి. అసైన్డ్ భూములున్నాయి. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డ్ భూమి చేతులు మారిందా, 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా అని చూడకుండా అడ్వాన్సు ఇస్తే ప్లాంటు బదులు కేసు లేస్తుంది. ఇది రియల్ ఎస్టేట్ విభాగం. బ్యాంకు అప్పు, తనఖా పత్రాలు ఫైనాన్స్ విభాగం. కంపెనీ పెట్టడం, భాగస్వాముల వాటాలు తేల్చడం కార్పొరేట్ విభాగం. జీఎస్టీ పన్నుల విభాగం. పనివాళ్ల జీతాలు, పీఎఫ్ కార్మిక చట్టాల విభాగం. ప్యాకెట్టు మీది బొమ్మను ఇంకొకరు కాపీ కొట్టకుండా ట్రేడ్‌మార్క్. మన ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ఉన్న భౌగోళిక గుర్తింపు కూడా ఈ మేధోసంపత్తి కుటుంబంలోదే.

మరి కొత్తగా చేరినవాళ్లు అక్కడ చేసేదేమిటి? సినిమాల్లోలా ‘అబ్జెక్షన్ యువరానర్’ అనడం మాత్రం కాదు. వందల పేజీల కాగితాలు చదివి, ప్రమాదం ఎక్కడుందో రెండు పేజీల్లో రాసివ్వడం. దీన్నే డ్యూ డిలిజెన్స్ అంటారు. ఒప్పందాల ముసాయిదాలు రాయడం. పాత తీర్పులు వెతకడం. గడువులు గుర్తుపెట్టుకోవడం. చెక్కు బౌన్సయిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లోగా ఫిర్యాదు వేయాలి. ఆలస్యమైతే, ఎందుకైందో కోర్టును ఒప్పించుకోవాలి. ఈ వృత్తిలో తెలివికి ఎంత విలువో, క్యాలెండర్‌కూ అంత విలువ.

ఇక్కడిదాకా చదివి, ‘ఇదంతా కంపెనీల గొడవ, మనకేంటి?’ అనుకునేవాళ్లకు అసలు మాట ఇప్పుడు చెప్పాలి.

అదే ప్యాకెట్టును ఇంకోవైపు నుంచి చూడండి. ఆ విత్తనం పండింది ఎవరి పొలంలో? నంద్యాల ప్రాంతం విత్తన పత్తికి పేరున్న ప్రాంతం. కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అతనే ఇస్తాడు, పంట అతనే తీసుకుంటాడు. చాలాచోట్ల రైతు చేతిలో ఒప్పంద పత్రమే ఉండదు. ఉన్నా దాని నకలు రైతు ఇంట్లో ఉండదు. విత్తనం పరీక్షలో ఫెయిలైందంటే ఎవరు పరీక్షించారు, నష్టం ఎవరిది, డబ్బు ఎన్నాళ్లలో రావాలి? ఇవేవీ కాగితం మీద ఉండవు. పై కథలో కంపెనీల మధ్య ఒక్కో మాటకు లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అదే గొలుసులో కింది కొసన మాత్రం నోటిమాట, ఖాళీ ప్రామిసరీ నోటు. ఒకే గొలుసులో ఇంత తేడా ఎందుకంటే, పై కొసకు లాయరున్నాడు, కింది కొసకు లేడు.

చట్టం లేక కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో, కంపెనీ చెప్పిన దిగుబడి రాకపోతే పరిహారం అడిగే హక్కు రైతుకుంది. పది మంది రైతులు కలిస్తే కంపెనీల చట్టం కింద ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. నమోదైన చిన్న పరిశ్రమ సరుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉంటే 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2018 నుంచి రూ.3 లక్షల విలువైన వాణిజ్య వివాదం కూడా కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తోంది. మన ఊరి రైస్‌మిల్లుకు, ఎరువుల దుకాణానికి, రాతి శిల్పాల కార్ఖానాకు కూడా కమర్షియల్ లా కావాలి. దాన్ని తెలుగులో విడమరిచి, రెండు పేజీల ఒప్పందంగా రాసిపెట్టే మనిషే లేడు.

ఆ మనిషి మీరెందుకు కాకూడదు? పెద్ద ఫర్మ్‌కు వెళ్లి పని నేర్చుకోండి. అక్కడే స్థిరపడతారా, పదేళ్లకు నంద్యాలలో సొంత బోర్డు పెడతారా అన్నది మీ ఇష్టం. కానీ కంపెనీ కాగితం ఎలా రాస్తుందో లోపల కూర్చుని చూసినవాళ్లే, ఆ కాగితంలో రైతుకు ఏ వాక్యం తక్కువైందో చెప్పగలరు.

ఇక దారి సంగతి. ఇంటర్ పాసైనవాళ్లకు అయిదేళ్ల కోర్సు, డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్ల ఎల్ఎల్‌బీ. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, తప్పు జవాబుకు మార్కులు కోయరు. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలంటే క్లాట్ రాయాలి. కోర్సు అయ్యాక బార్ కౌన్సిల్‌లో నమోదు. చట్టంలో ఉన్న రూ.750 కంటే, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 కంటే ఎక్కువ నమోదు రుసుము వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. అదీ తెలుగులో రాయొచ్చు.

పెద్ద ఫర్మ్‌లు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లకు వెళ్లి ఎంపిక చేసుకుంటాయి. మిగతా కాలేజీలవాళ్లకు తలుపు ఇంటర్న్‌షిప్. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్నది బార్ కౌన్సిల్ నిబంధన. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కాబట్టి మీకు హోర్డింగులు కనిపించవు. మీరే వెతికి, మీరే దరఖాస్తు పంపాలి. పది పంపితే తొమ్మిదింటికి జవాబు రాదు. పదకొండోది పంపాలి.

కష్టాలూ చెప్పాలి. ఒకటి, ఇంగ్లీషు. వాదించే ఇంగ్లీషు కంటే రాసే ఇంగ్లీషు ముఖ్యం. రోజుకో ఒప్పందమో, తీర్పో చదివి, సారాంశం పది వాక్యాల్లో రాయడం మొదలుపెట్టండి. రెండు, సంపాదన. పెద్ద ఫర్మ్‌ల్లో జీతం బాగుంటుంది, పని గంటలకు మాత్రం హద్దుండదు. కోర్టు జూనియర్లకు తొలి ఏళ్లు గడ్డుకాలమే. వాళ్లకు నెలకు పట్టణాల్లో రూ.20 వేలు, గ్రామాల్లో రూ.15 వేలకు తగ్గకుండా ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. మూడు, ఇది అన్నిటికంటే పెద్దది. ‘కాలేజీకి పోకుండా పట్టా వస్తుంది’ అన్న ఆశ. హాజరు 70 శాతం ఉండాలన్న నిబంధన కాగితం మీదే ఉండిపోయిన చోట చేరితే పట్టా వస్తుంది, పని రాదు. గ్రూప్స్‌లో రాకపోతే చూద్దాం, చేతిలో లా ఉంటుందిలే అనుకునేవాళ్లు దయచేసి ఆ మూడేళ్లు ఇంకోదానికి వాడుకోండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లో బీరువాలోనో, ట్రంకుపెట్టెలోనో ఉన్న ఒక కాగితం తీయండి. పాసుపుస్తకమో, బ్యాంకు అప్పు పత్రమో, విత్తన కంపెనీ ఇచ్చిన రసీదో. మొదటి గీత నుంచి చివరి సంతకం దాకా చదవండి. ఎవరు ఏం ఇస్తామన్నారు, ఎప్పటికి, ఇవ్వకపోతే ఏం జరుగుతుంది అని మూడు ప్రశ్నలు వేసుకోండి. అందులో ఏ ఒక్కదానికైనా జవాబు దొరకక మీకు కోపం వస్తే, ఆ కోపం మంచిదే. లాసెట్ దరఖాస్తు నింపండి.