నవ్వు రాసే కలం ఎవరి చేతిలో ఉంది?

తెలుగు తెర మీద ముస్లిం ఎక్కువగా మూడు వేషాల్లోనే కనబడుతున్నాడు. ఒకటి బాంబు పట్టుకున్న వేషం. రెండవది కథానాయకుడి కోసం ప్రాణమిచ్చే మంచి మిత్రుడి వేషం. మూడవది "నీకీ, నాకీ" అంటూ తెలుగును సాగదీసి నవ్వించే సాహెబు వేషం. మొదటి వేషం మీద మనం నిరసనలు తెలిపాం, విజ్ఞప్తులు ఇచ్చాం, పత్రికలకు లేఖలు రాశాం. మూడవ వేషాన్ని మాత్రం నవ్వులాటే కదా అని వదిలేశాం. మా వాదన ఏమిటంటే, మనకు నిత్యం తగులుతున్న గాయం ఆ మూడవ వేషం వల్లనే. బాంబు వేషాన్ని చూసిన పిల్లవాడు తన తరగతిలోని రఫీని అనుమానించడానికి కొంతైనా ఆలోచించాలి. సాహెబు వేషాన్ని చూసిన పిల్లవాడు మర్నాడు బడిలో రఫీని ఆ యాసతో పిలవడానికి ఏమీ ఆలోచించనక్కరలేదు. తనది ద్వేషమని అతనికే తెలియదు. నవ్వాడు, అంతే. రఫీ కూడా నవ్వాలి. నవ్వకపోతే "వీడికి హాస్యం అర్థం కాదు" అనే మరో నింద సిద్ధంగా ఉంటుంది.

ఇంతకీ ఈ సాహెబు ఎక్కడివాడు? కోస్తాలోనూ రాయలసీమలోనూ తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిఠాపురంలో ఉమర్ అలీషా పద్యకావ్యాలు, నాటకాలు రాశారు. దక్కనీ మాట్లాడే ఇళ్లలో పెరిగినవారి తెలుగుకు ఒక యాస ఉండవచ్చు. యాస లేని మనిషి ఎవరు? శ్రీకాకుళానికి ఉంది, చిత్తూరుకు ఉంది, కరీంనగర్‌కు ఉంది. యాసను చూపడంలో తప్పు లేదు. సాటి మనిషి మాటను చెవి పెట్టి వినకుండా, ఎప్పుడో ఎవరో కల్పించిన యాసను పాత దుస్తుల పెట్టెలోంచి తీసి మళ్లీ మళ్లీ తొడగడం తప్పు. సంభాషణలు రాసే గదిలో ఒక్క నూర్‌బాషా యువతి కూర్చుని ఉంటే ఆ వాక్యం ఆ గది గడప దాటేదా?

ప్రశ్న అక్కడే ఉంది. నవ్వించే ముస్లిం నటులు తెలుగువారికి కొత్త కాదు. రాజమండ్రి నుంచి బాలనటుడిగా వచ్చిన అలీ దశాబ్దాలుగా నవ్విస్తూనే ఉన్నారు. కాని నటుడు తనకిచ్చిన మాట పలుకుతాడు. ఏ మాట పలకాలో, ఎవరిని చూసి నవ్వాలో నిర్ణయించేది రచయిత. విద్యలోనూ ఉద్యోగాల్లోనూ 4 శాతం రిజర్వేషన్ కోసం కోర్టుల చుట్టూ తిరిగిన సమాజం, తన బొమ్మను గీసే ఆ బల్ల దగ్గర ఒక్క కుర్చీ కావాలని ఇంతవరకు గట్టిగా అడగలేదు.

హాస్యంలో అన్నిటికంటే బలమైన రూపం సిట్‌కామ్ అని మేము భావిస్తున్నాం. అవే పాత్రలు, అదే ఇల్లు లేదా అదే దుకాణం, వారం వారం ఒక కొత్త చిక్కు. అరగంట సమయంలో ప్రకటనలు పోగా మిగిలే 22 నిమిషాల్లో చిక్కు మొదలవ్వాలి, ముదరాలి, విడిపోవాలి. చివరకు అందరూ మళ్లీ మొదటి స్థితికే చేరాలి. తెలుగువారికి దీని రుచి తెలుసు. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన 'అమృతం' హోటల్ పెట్టిన ఇద్దరు మిత్రుల కష్టాలతో ఇంటింటినీ నవ్వించింది. సినిమాలో పాత్ర రెండున్నర గంటలు ఉండి వెళ్లిపోతుంది. సిట్‌కామ్ పాత్ర ఏళ్ల తరబడి మన ముందుగదిలో కూర్చుంటుంది. అతని పిసినారితనం, అతని భయం, భార్య ముందు అతని తడబాటు మనకు తెలుస్తాయి. ఇంతగా తెలిసిన మనిషిని శత్రువుగా ఊహించుకోవడం కష్టం. వార్తల్లో నేరం జరిగినప్పుడు మాత్రమే కనబడే సమాజానికి ఈ పరిచయం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఒక సన్నివేశం ఊహించండి. అద్దె ఇంటి కోసం ఒక యువకుడు ఫోన్ చేస్తాడు. ఉద్యోగం, జీతం, కుటుంబం అన్నీ యజమానికి నచ్చుతాయి. అద్దె కూడా కొంత తగ్గిస్తాడు. చివర్లో "ఇంతకీ పేరేమన్నారు బాబూ?" అని అడుగుతాడు. పేరు వినగానే అద్దెకున్న ఇల్లు కాస్తా అద్దెకు లేకుండా పోతుంది. ఢిల్లీ నుంచి అల్లుడు వస్తున్నాడంటాడు, గోడలకు చెమ్మ అంటాడు, వాస్తు బాగోలేదంటాడు. అలవాటైన చేతితో రాస్తే ఇక్కడ యువకుడి యాస మీద నవ్వు పుడుతుంది. ఈ ఫోన్ సంభాషణను స్వయంగా ఎదుర్కొన్న కుటుంబంలోని రచయిత్రి రాస్తే యజమాని అబద్ధాల మీద నవ్వు పుడుతుంది. అతనికి కూతురే లేదని మూడవ నిమిషంలో బయటపడుతుంది. సన్నివేశం ఒకటే. నవ్వు ఎవరి మీద నుంచి ఎవరి మీదకు మారిందో చూడండి. మేము కోరుతున్న మార్పు అదే.

ఇది జరిగే పనేనా అని అడిగేవారికి కెనడా ఉదాహరణ చెబుతాం. జర్కా నవాజ్ పాకిస్తానీ మూలాలున్న వలస కుటుంబంలో పెరిగారు. జర్నలిజం చదివి, చిన్న చిన్న హాస్యచిత్రాలు తీశారు. పెరట్లో మాంసం కాలుస్తుండగా పొయ్యి పేలితే ఉగ్రవాదులుగా అనుమానానికి గురైన ఇద్దరు అన్నదమ్ముల కథ వాటిలో ఒకటి. ఆ తరువాత 'లిటిల్ మాస్క్ ఆన్ ద ప్రెయిరీ' అనే సిట్‌కామ్‌ను సృష్టించారు. 2007 జనవరిలో సీబీసీలో మొదలై 2012 వరకు 6 సీజన్లు, 91 ఎపిసోడ్లు నడిచింది. చిన్న పట్టణంలో చర్చి హాలును అద్దెకు తీసుకుని నమాజు చేసుకునే కొద్దిమంది ముస్లింల కథ అది. మొదటి ఎపిసోడ్‌లోనే, విమానాశ్రయంలో ఫోన్ మాట్లాడుతున్న యువ ఇమాం నోట ఆత్మహత్య అనే మాట విని పోలీసులు పట్టుకుంటారు. అతను మాట్లాడుతున్నది న్యాయవాద వృత్తి వదులుకోవడం గురించి. మసీదులో స్త్రీలకూ పురుషులకూ మధ్య అడ్డుతెర ఉండాలా అనే ఇంటి గొడవను కూడా ఆమె దాచలేదు. బయటి అనుమానం మీద నవ్వారు, లోపలి మొండితనం మీద నవ్వారు. రెండూ రాయగలిగిన చేయి కాబట్టే ప్రేక్షకులు నమ్మారు.

అలాగని కెనడా, బ్రిటన్‌లను స్వర్గాలుగా చూపడం లేదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో 2018, 2019 సంవత్సరాల్లో ప్రసారమైన 200 ప్రముఖ ధారావాహికలను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. మాటలున్న 8,885 పాత్రల్లో ముస్లింలు 98 మందే తేలారు. ఇలాంటి లెక్క తెలుగు చానళ్ల మీద కూడా తీయాలి. మన విద్యార్థి సంఘాలు ఒక వేసవి సెలవుల్లో చేయగలిగిన పని ఇది.

మన ఇళ్లలో వినిపించే అభ్యంతరాలు మూడు. మొదటిది, నవ్వించడం దీన్‌కు తగని పని అనేది. ఒంటె కావాలని వచ్చిన మనిషితో ఒంటె పిల్లనిస్తానని ప్రవక్త (స) చమత్కరించిన ఉదంతం మన పిల్లలకు మదరసాలోనే చెబుతాం. పిల్లతో ఏం చేసుకోనని అతను దిగులుపడితే, ప్రతి ఒంటే ఒక ఒంటెకు పిల్లే కదా అని వివరించారు. అబద్ధం లేదు, అవమానం లేదు, నవ్వు ఉంది. హాస్యరచనకు ఇంతకన్నా మంచి కొలబద్ద ఏం కావాలి?

రెండవది, ఇది కూడు పెట్టే పనేనా అనేది. హైదరాబాదు దక్కనీ హాస్యానికి పుట్టినిల్లు. 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన 'అద్రక్ కే పంజే' నాటకం దేశాలు దాటి దశాబ్దాల పాటు ఆడింది. 'సియాసత్' పత్రికలో 1962లో హాస్య శీర్షిక మొదలుపెట్టిన ముజ్తబా హుస్సేన్ 2007లో పద్మశ్రీ అందుకున్నారు. పౌరసత్వ చట్ట సవరణకు వ్యతిరేకంగా 2019 డిసెంబరులో ఆ గౌరవాన్నే తిరిగి ఇచ్చేస్తానని ప్రకటించారు. నవ్వించేవాడికి వెన్నెముక ఉండదనుకునేవారికి ఆయనే జవాబు. తెలుగులో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' మన వీధుల నవ్వును, కన్నీటిని కలిపి అచ్చులోకి తెచ్చింది. సరుకు మన దగ్గర ఉంది. టీవీ రచన నేర్చుకోదగిన పనితనం. ఇరవై రెండు నిమిషాల నమూనా ఎపిసోడ్ రాయడం, పదిసార్లు తిరగరాయడం, స్క్రిప్టును రచయితల సంఘంలో నమోదు చేయడం, ఒప్పందం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టడం, తెర మీద పేరు పడాలని పట్టుబట్టడం ఇందులో మెట్లు. మొదటి ఏళ్లలో ఆదాయం నిలకడగా ఉండదు. కాబట్టి చేతిలో మరో ఉపాధి ఉంచుకోమని పిల్లలకు చెప్పండి. రాయడమే మానుకోమని మాత్రం చెప్పకండి.

మూడవది భయం. దీన్ని మేము తేలిక చేయం. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. అతను ఆ రాత్రి వేదిక మీద చెప్పని జోకులకు శిక్షగా నెలకు పైగా జైల్లో ఉన్నాడు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో అతని ప్రదర్శన జరగడానికి భారీ పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. ఇది చూసిన ఏ తల్లికి గుండె జారదు? కాని ఆ ప్రదర్శన జరిగింది, హాలు నవ్వింది. ఒంటరిగా వేదిక ఎక్కినవాడిని పట్టుకోవడం సులువు. పదిమంది రచయితల బృందంలో, సంఘం సభ్యత్వంతో, న్యాయవాదుల తోడుతో పనిచేసేవారిని బెదిరించడం అంత సులువు కాదు. భయానికి మందు సంఘటితం కావడమే.

ఒక హెచ్చరిక మనకు కూడా. 2012లో బీబీసీలో ఆదిల్ రే 'సిటిజన్ ఖాన్' మొదలైనప్పుడు తొలి ఎపిసోడ్‌కే వందలాది ఫిర్యాదులు వెళ్లాయి. రాసింది ముస్లిం అయినా తమ వాళ్లను చులకన చేశాడన్నారు. మన పిల్లలు రాసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. జోడే కీ రకం లెక్కపెట్టే మామ, మసీదు కమిటీ ఎన్నికల్లో ఓడి అలిగే కార్యదర్శి, వాట్సాప్‌లో ఫత్వాలు పంచే చాచా వారి కలానికి చిక్కుతారు. చిక్కాలి. మన గురించి మంచే రాయాలని షరతు పెడితే పుట్టేది ప్రచార కరపత్రం.

చానళ్లను మేము అడిగేది దయ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర జనాభాలో మనం సుమారు 9.5 శాతం. మన ఇళ్లలోనూ టీవీలు మోగుతున్నాయి, వాటి మధ్య వచ్చే ప్రకటనల సరుకులు మనమూ కొంటున్నాం. కాబట్టి హాస్య కార్యక్రమాల రచనా బృందాల్లో ముస్లిం రచయితలకు, ముఖ్యంగా స్త్రీలకు చోటు కావాలి. తెర మీద పేరు, ఇతరులతో సమానమైన పారితోషికం కావాలి. గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ ఇచ్చే మైనారిటీ స్టడీ సర్కిళ్లు తెర రచనలోనూ శిక్షణ ఇవ్వాలి. ఉర్దూ అకాడమీలు ముషాయిరాలతో పాటు స్క్రిప్టు పోటీలు పెట్టాలి.

ఇళ్లను అడిగేది మరీ చిన్నది. మీ అమ్మాయి దస్తర్‌ఖాన్ దగ్గర ఖాలా నడకను, చాచా దగ్గును అచ్చుగుద్దినట్టు అనుకరించి అందరినీ నవ్విస్తే, నవ్వు ఆగాక "నోరు మూసుకో" అనకండి. ఒక నోటుపుస్తకం ఇచ్చి రాయమనండి.