మన బడికి ఏ కెమెరా?

మీ బడికి ఒక పాత విద్యార్థి వచ్చి, "మాస్టారూ, సైన్సు క్లబ్బుకు ఒక కెమెరా కొనిస్తాను. ఏది కావాలో చెప్పండి" అన్నాడనుకోండి. మీరేం చెబుతారు? పదిమందిలో తొమ్మిదిమంది డి.ఎస్.ఎల్.ఆర్. అనే చెబుతారని నా ఊహ. పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు మెడలో వేలాడే ఆ నల్లని పెద్ద కెమెరాయే అసలైన కెమెరా అని మనందరి నమ్మకం. కొన్నేళ్ళ క్రితం మా బడికి అటువంటి దాత వచ్చినప్పుడు నేనూ అదే చెప్పాను. ఇప్పుడైతే చెప్పను. ఎందుకు చెప్పనో మీ ముందు పెడతాను. నేను మాస్టారిని కాబట్టి నా మాట ఒప్పుకోనక్కరలేదు. లెక్కలు మీరే చేసి చూసి, ఆ తరువాత ఔననండి, కాదనండి.

పోలికకు రెండు కెమెరాలను తీసుకుందాం. ఒకటి 2018లో వచ్చిన కెనాన్ 1500డి. డి.ఎస్.ఎల్.ఆర్.లలో కొత్తగా నేర్చుకునేవారికోసం చేసినది. రెండవది 2019లో వచ్చిన ఒలింపస్ టి.జి.-6. అరచేతిలో ఇమిడిపోయే, నీరు చొరని చిన్న కెమెరా. దీని తరువాతి నమూనా టి.జి.-7 2023లో వచ్చింది. వెలలో ఈ రెండు రకాలూ ఒకదానికొకటి మరీ దూరం కావు. అందుకే ఏది కావాలన్న ప్రశ్న వస్తుంది.

డి.ఎస్.ఎల్.ఆర్. ప్రత్యేకత దాని అద్దం. ముందున్న కటకం గుండా వచ్చిన కాంతి, 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం మీద పడి పైకి మళ్ళుతుంది. అక్కడ మరికొన్ని ప్రతిబింబాలు చెంది మన కంటికి చేరుతుంది. అంటే ఫొటో తీసే కటకం గుండానే మనం దృశ్యాన్ని చూస్తున్నామన్నమాట. మీట నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, తెర తెరుచుకుంటుంది, కాంతి వెనుకనున్న సెన్సరు మీద పడుతుంది. ఆ కటకాన్ని విప్పి ఇంకొక కటకం బిగించుకోవచ్చు. ఇప్పుడు పెద్ద కంపెనీలు కొత్త నమూనాలను ఎక్కువగా అద్దం లేని పద్ధతిలోనే తయారుచేస్తున్నాయి. అయినా డి.ఎస్.ఎల్.ఆర్.లు బజారులో, చేతులు మారినవిగానైనా, దొరుకుతూనే ఉన్నాయి.

ఇక సెన్సరు సంగతి. 1500డి సెన్సరు పొడవు 22.3 మి.మీ., వెడల్పు 14.9 మి.మీ. టి.జి.-6 సెన్సరు పొడవు సుమారు 6.2 మి.మీ., వెడల్పు 4.6 మి.మీ. వైశాల్యాలు కట్టి చూడండి. మొదటిది రెండవదానికి దాదాపు 12 రెట్లు. వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో ఒక గంగాళం, ఒక గ్లాసు పెడితే దేంట్లో ఎక్కువ నీరు చేరుతుంది? కాంతి కూడా అంతే. సాయంత్రం మసకవెలుతురులో పెద్ద సెన్సరు తీసిన బొమ్మ నున్నగా ఉంటుంది. చిన్నదాని బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి.

అయితే ఇక్కడ ఆగి ఇంకొక్క లెక్క చెయ్యాలి. కటకపు రంధ్రాన్ని ఎఫ్ సంఖ్యతో చెబుతారు. ఆ సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దదని అర్థం. విశాలదృశ్యం తీసేటప్పుడు టి.జి.-6 కటకం ఎఫ్ 2 వరకు తెరుచుకుంటుంది. 1500డితో సాధారణంగా ఇచ్చే 18-55 మి.మీ. కటకం ఎఫ్ 3.5 దగ్గరే ఆగిపోతుంది. 3.5ను 2తో భాగించి వర్గం చేస్తే సుమారు 3. అంటే చిన్న కెమెరా సెన్సరు మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ 3 రెట్లు ఎక్కువ కాంతి పడుతోంది. 12 రెట్ల ఆధిక్యం ఇప్పుడు 4 రెట్లకు దిగింది. పెద్దదే గెలిచింది, కాని మనమనుకున్నంత తేడాతో కాదు.

చందమామను ఫొటో తీద్దాం. కటకం ఏర్పరచే చంద్రుడి ప్రతిబింబం వ్యాసం, కటక నాభ్యంతరంలో సుమారు 110వ వంతు. టి.జి.-6లో నాభ్యంతరం అత్యధికంగా 18 మి.మీ. కాబట్టి చంద్రుడు సెన్సరు మీద 0.16 మి.మీ. చుక్క. బొమ్మలో అడ్డంగా నూటికి కాస్త పైగా బిందువులు, అంతే. 1500డికి 250 మి.మీ. కటకం బిగిస్తే చంద్రుడు 2.3 మి.మీ. అవుతాడు. అడ్డంగా 600 బిందువులు. గుంటలు, గుంటల అంచుల నీడలు కనిపిస్తాయి. కాని ఆ కటకం విడిగా కొనుక్కోవాలి! కెమెరాతో వచ్చిన 55 మి.మీ. కటకంతో తీస్తే చంద్రుడు 0.5 మి.మీ. మాత్రమే, బిందువులు 130 చిల్లర. చిన్న కెమెరా కంటే ఏమంత మెరుగు? డి.ఎస్.ఎల్.ఆర్. బలమంతా కటకాలు మార్చడంలో ఉంది. దాత ఒక్క కెమెరాకే డబ్బిస్తే సగం బలం కొట్టులోనే ఉండిపోయినట్టు.

దగ్గరి వస్తువుల విషయంలో చిన్నదే ముందుంటుంది. చీమనో, ఆకు వెనుక పురుగు గుడ్లనో ఫొటో తియ్యాలంటే టి.జి.-6 కటకాన్ని ఒక సెంటీమీటరు దూరం వరకు తీసుకుపోవచ్చు. 18-55 కటకం అంత దగ్గరలో పనిచెయ్యదు. వస్తువు సెన్సరుకు 25 సెం.మీ. దూరంలోనైనా ఉండాలి.

ఇప్పుడు నీళ్ళలోకి దిగుదాం. నీటిలో మానవుడు కెమెరా దించడం కొత్త కాదు. 1893లోనే ఫ్రాన్సులో లూయీ బూటాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు కెమెరాను నీరు చొరని పెట్టెలో పెట్టి సముద్రంలో ఫొటోలు తీశాడు. ఈ చిన్న కెమెరాను 15 మీటర్ల లోతు వరకు దించవచ్చని తయారీదారు చెబుతాడు. అది ఎంత ఒత్తిడో మీ భౌతికశాస్త్ర పాఠంతోనే చెప్పవచ్చు. లోతును నీటి సాంద్రతతో, గురుత్వ త్వరణంతో గుణించండి. 15 × 1000 × 9.8 = 1,47,000 పాస్కల్‌లు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒకటిన్నర కిలోల బరువు. కెమెరా ముందుభాగం సుమారు 11 సెం.మీ. పొడవు, 6.5 సెం.మీ. వెడల్పు. మొత్తం బలం నూరు కిలోల బరువు దాటుతుంది. మీ తరగతిలో ఇద్దరు దానిమీద ఎక్కి నిలబడ్డట్టే! అంత ఒత్తిడిలోనూ నీటిచుక్కను లోపలికి రానివ్వకుండా కాపాడేది మూతల అంచున ఉండే సన్నని రబ్బరు పట్టీ. దానిమీద ఒక్క ఇసుకరేణువు గాని, వెంట్రుక గాని పడితే చాలు, కెమెరా కథ ముగిసినట్టే. నీరు చొరదన్నారని దానిని నిర్లక్ష్యంగా వాడకూడదు. సముద్రంనుంచి తెచ్చాక మంచినీళ్ళలో కడగాలి, ఆరనివ్వాలి, ఆ తరువాతే మూత తెరవాలి.

మా సంగతి చెబుతానన్నాను కదా. మాది విశాఖ తీరాన ఉన్న బడి. ఆటు సమయంలో రాళ్ళ మధ్య గుంటలలో నీరు నిలుస్తుంది. పీతలు, నత్తలు, చిన్నచిన్న చేపలు, పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోనులు వాటిలో ఉంటాయి. దాత ఇచ్చిన డి.ఎస్.ఎల్.ఆర్.తో పిల్లలను అక్కడికే తీసుకుపోయాను. పైనుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ నీటిమీద ఆకాశం ప్రతిబింబమే ఎక్కువ. అలలకు వక్రీభవనం మారిపోయి, అడుగునున్న ప్రాణులు వంకరటింకరగా వచ్చాయి. ఇంకాస్త దగ్గరగా వంగాను. ఒక అల రాతికి కొట్టుకుని ఉప్పునీరు కెమెరా మీద చిమ్మింది. వారం తిరిగేసరికి మీట పనిచెయ్యడం మానేసింది. తప్పు కెమెరాది కాదు, నాది. నీళ్ళకోసం చెయ్యని పరికరాన్ని నీళ్ళ దగ్గరకు తీసుకుపోయింది నేనే.

మరమ్మతు చేయించాం. ఖర్చు బాగానే అయింది. ఆ తరువాత ఆ కెమెరా బీరువాలోకి వెళ్ళింది. తాళం ఆఫీసులో ఉంటుంది. ఆగస్టు 15కి, జనవరి 26కి బయటికి వస్తుంది, జెండా ఫొటో తీసుకుని లోపలికి పోతుంది. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి, ఎనిమోను ఎలా ముడుచుకుంటుందో తన నోటుపుస్తకంలో వేసిన బొమ్మలు చూపించింది. ఎంత శ్రద్ధగా చూసిందో! "ఇది కెమెరాలో తియ్యొచ్చా మాస్టారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బకెట్లోకి తీసి చూపిద్దామంటే, రాతినుంచి పీకితే ఆ ప్రాణికి గాయమవుతుంది. నీటి బయట అది వట్టి జిగురుముద్ద.

చిన్న కెమెరా అయితే ఆ అమ్మాయి తన చేత్తోనే దానిని గుంటలో ముంచి ఉండేది. నీటి ఉపరితలం అడ్డురాదు, ప్రాణిని కదిలించే పని లేదు. జారి పడినా రెండు మీటర్ల ఎత్తు వరకు తట్టుకునేలా దానిని చేశారు. "ఫోనుతో తియ్యకూడదా?" అంటారేమో. నీటిని తట్టుకునే ఫోన్లు ఉన్నాయి, నిజమే. కాని ఆ హామీని మంచినీటిలో, తక్కువ లోతులో, కొద్ది నిమిషాలకు పరీక్షించి ఇస్తారు. పైగా అది ఎవరో ఒకరి సొంత ఫోను. ఇంటిల్లిపాదీ వాడుకునే ఫోనును ఉప్పునీటిలో ముంచమని నేను చెప్పలేను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. బడి పరికరానికి మొదటి పరీక్ష, దానిని పిల్లలు భయం లేకుండా ముట్టుకోగలరా అన్నది. బొమ్మ నాణ్యత ఆ తరువాత సంగతి. పిల్లలు ముట్టుకోలేని పరికరం బీరువాలో ఉన్నా ఒకటే, కొట్టులో ఉన్నా ఒకటే. మా బడికి, చెరువో ఏరో పక్కనే ఉన్న ఏ బడికైనా, నేను నీరు చొరని చిన్న కెమెరానే అడుగుతాను.

అయితే ఇదే జవాబు అందరికీ కాదు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం దగ్గర బడి ఉందనుకోండి. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లకొమ్మల మీద గూళ్ళు కడతాయి. దగ్గరకు వెళితే బెదిరిపోతాయి. దూరంనుంచి తీసే పెద్ద కటకంతో డి.ఎస్.ఎల్.ఆర్. అక్కడ సరైనది. చిన్న కెమెరా అక్కడ చుక్కలనే చూపిస్తుంది. రంధ్రం, తెర వేగం, నాభ్యంతరం ఒక్కొక్కటే మార్చి కాంతిశాస్త్రం నేర్చుకోవాలన్నా డి.ఎస్.ఎల్.ఆర్. మంచి గురువే.

ఈ వారం మీ సైన్సు క్లబ్బులో ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో కెమెరాతో జవాబు తెలుసుకోదగిన పది ప్రశ్నలు రాయండి. వాటిలో ఎన్ని నీళ్ళకు సంబంధించినవో, ఎన్ని దూరానికి సంబంధించినవో, ఎన్ని చీకటికి సంబంధించినవో లెక్కపెట్టండి. ఏ కెమెరా కావాలో ఆ కాగితమే చెబుతుంది. దాత వచ్చినప్పుడు కెమెరా పేరు కాకుండా, ముందు ఆ కాగితం ఆయన చేతికివ్వండి.