వాంతికి గోలి అడుగుడు మన హక్కు

క్యాన్సర్ మందు ఎక్కించుకుంటే వాంతులు కాకుండ ఉంటయా, ఓర్చుకోవాలె! ఈ మాట వాడలో పెద్దమనుషులు అంటారు, దవాఖానలో కొందరు అంటారు. చివరికి రోగి కూడా తనకు తానే చెప్పుకుంటుంది. మిత్రులారా, ఈ మాట తప్పు. ఓర్చుకునుడు మన నుదుట రాసిన రాత కాదు. తరతరాలుగా మనతో ఓర్పించినోళ్లు నేర్పిన పాఠం అది. వాంతిని అడ్డుకునే మందులు ముప్పై ఏండ్లకు పైగా ఉన్నయి. అవి అడిగి తీసుకోవాలె.

గర్భసంచి ముఖద్వారానికి, నోటికి, గొంతుకు వచ్చే క్యాన్సర్లు కూలినాలి చేసుకునే మనోళ్లలోనే ఎక్కువ చూస్తున్నం. ఈ జబ్బులకు ఎక్కువగా వాడే మందు సిస్‌ప్లాటిన్. అడ్డుకునే మందు ఏదీ ఇయ్యకుండ దాన్ని ఎక్కిస్తే 100 మందిలో 90 మందికి పైగా వాంతులైతయి. ఒకప్పుడు ఈ బాధ తాళలేకనే వైద్యం మధ్యలో వదిలేసినోళ్లు ఎందరో! 1991లో అమెరికాలో ఒండాన్‌సెట్రాన్ అనే మందుకు అనుమతి వచ్చినంక సంగతి మారింది. మన ఊర్ల మెడికల్ షాపులో ఎమిసెట్ అని ఇచ్చే గోలి ఇదే. ఆపరేషన్ తర్వాత మత్తు దిగేటప్పుడు వచ్చే వాంతికి కూడా దీన్నే ఇస్తారు.

అది పనిచేసే తీరు తెలుసుకుందాం. క్యాన్సర్ మందు గడ్డనే కాదు, పేగుల లోపలి పొరను కూడా దెబ్బ కొడుతది. దెబ్బతిన్న పేగు సెరొటోనిన్ అనే పదార్థాన్ని వదులుతది. అది నరం ద్వారా మెదడుకు కబురు పంపుతది, మెదడు కక్కించుతది. ఒండాన్‌సెట్రాన్ ఆ కబురు పోయే దారికి అడ్డం నిలబడుతది. అందుకే వాంతి మొదలైనంక కాదు, మందు ఎక్కించక ముందే ఇయ్యాలె.

అసలు తిరకాసు ఇక్కడుంది. వాంతులు రెండు విడతలు. మొదటిది మందు ఎక్కించిన రోజు వస్తది. అప్పుడు మనిషి దవాఖానలోనే ఉంటది, పక్కన నర్సు ఉంటది. రెండోది మర్నాటి నుంచి నాలుగైదు రోజుల దాకా వస్తది. అప్పటికి మనిషి నిజాంపేటలో తన గుడిసెలో ఉంటది! ఈ రెండో విడతకు ఒండాన్‌సెట్రాన్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అది మెదడులో వేరే దారిన వస్తది. దానికి డెక్సామెథసోన్, అప్రెపిటెంట్, ఒలాన్‌జపిన్ లాంటివి కలిపి ఇస్తారు. ఈ గోలీలు చేతిలో లేకుండ బస్సెక్కితే ఆ నాలుగు రోజులు నరకమే.

ఆ నరకంలో ఏమైతది? మెతుకు నిలవదు, నీళ్లు నిలవవు. ఒంట్లో నీరు తగ్గితే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను ఇంకా దెబ్బ తీస్తది. ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజు పెట్టిస్తే కూలి డబ్బులు పోతయి. జబ్బు ముదిరిందని ఒకరంటారు, దయ్యం పట్టిందని ఇంకొకరంటారు. మళ్లా తారీఖు వచ్చేసరికి ఆమె "నేను రాను, ఇంట్లనే సస్త" అంటది. జబ్బు కంటే ముందు వాంతే ఆమెను ఓడించింది. నయమయ్యే జబ్బు కూడా అట్ల చేయి దాటిపోతది.

పైసల మాటకొస్తే ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ అగ్గువ మందులు. ఒండాన్‌సెట్రాన్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని ధర మీద సర్కారు నియంత్రణ ఉంది. ఒలాన్‌జపిన్ కూడా అగ్గువదే. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు 2024లో ప్రచురించిన పరీక్షలో 10 మిల్లీగ్రాముల ఒలాన్‌జపిన్‌కు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చినా వాంతిని అంతే ఆపిందని, పగటి మత్తు తగ్గిందని తేలింది. మెడికల్ షాపాయన "ఇది పిచ్చికి ఇచ్చే గోలి గదా" అంటే బెదరకండి. మానసిక జబ్బులకూ వాడుతరు, వాంతికీ వాడుతరు.

ఇంకొక సంగతి చూడండి. మన పాత మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం మందుల కార్ఖానాలకు పెట్టింది పేరు. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2006 డిసెంబరులో అమెరికా బజారులో ఒండాన్‌సెట్రాన్ గోలీలు దింపింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊర్ల చెరువులు, వాగులు, బోర్లు కార్ఖానాల నీళ్లతో చెడిపోయినయని రైతులు 1990 నుంచి కోర్టు మెట్లెక్కిండ్రు. మన గడ్డ మీద తయారయ్యే మందులు సముద్రాలు దాటుతయి, మురికి మాత్రం మనకు మిగులుతది. మన వాడలో కక్కుకునే తల్లికి పది గోలీలు అందకపోతే దీన్ని అభివృద్ధి అనాల్నా?

సర్కారు ఏమీ చేయలేదని అనం. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఎంఎన్‌జె క్యాన్సర్ దవాఖాన ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. అదే నెల నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. జిల్లా దవాఖానల్లో మూడేండ్లలో డేకేర్ క్యాన్సర్ సెంటర్లు పెడుతమని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. మంచిదే. మందు ఎక్కించుడే వైద్యం కాదు, ఆ తర్వాతి నాలుగు రోజులు కూడా వైద్యమే. ఆ రోజుల గోలీలు లెక్కలోకి రావాలె.

అందుకే కార్యకర్తలు ఈ పని పెట్టుకోవాలె. వాడలో క్యాన్సర్ వైద్యం నడుస్తున్న మనిషి ఉంటే ఒకరు తోడు పోవాలె. డాక్టరును మూడు మాటలు అడగాలె: ఈ మందుకు వాంతి ఎంత ఎక్కువ? ఎక్కించక ముందు ఏమిస్తరు? ఇంటికి ఎన్ని రోజుల గోలీలు ఇస్తరు, ఎప్పుడెప్పుడు వేసుకోవాలె? జవాబును తెలుగులో కాగితం మీద రాయించుకోండి. గుండె జబ్బు, షుగరు ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే ఒండాన్‌సెట్రాన్ కొందరిలో గుండె లయ మీద, డెక్సామెథసోన్ షుగరు మీద పనిచేస్తయి. పక్కింటోళ్ల గోలీలు వాడొద్దు. మలబద్ధకం, తలనొప్పి వస్తే చెప్పుకోండి, మందు మారుస్తరు. జ్వరం వచ్చినా, రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం తగ్గినా ఆగకుండ దవాఖానకు తీసుకపోండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ గోలీలు ఎప్పుడూ ఉండాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి. లేకుంటే ఎందుకు లేవో రాతపూర్వకంగా అడగండి. డాక్టరు ముందు తల వంచుకుని నిలబడే అలవాటు మనకు చాలా పాతది. దాన్ని ఒక ప్రశ్నతో వదిలించుకోవచ్చు: "అయ్యా, ఇంటికి గోలీలేవి?"